పాత డబుల్ బేస్‌కి అతుకు విడింది, ఇంట్లో అతికించుకోవచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటే తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. షికాగో పక్కన ఉంటున్నారు. అమ్మాయి ఎనిమిదో తరగతి, స్కూల్ ఆర్కెస్ట్రాలో డబుల్ బేస్ (వయొలిన్ ఆకారంలో మనిషంత ఎత్తుండే తీగ వాయిద్యం) వాయిస్తోంది. ఎవరి గరాజ్‌లోనో ఏళ్ల తరబడి పడున్న పాత ప్లైవుడ్ బేస్, త్రీ క్వార్టర్ సైజుది, పోయిన వేసవిలో 900 డాలర్లకి కొన్నారు. జనవరి వచ్చేసరికి కింది వైపు పై పలకకీ పక్క పలకకీ మధ్య జానెడు పొడుగున సన్నటి సందు కనిపించింది. జి తీగ మీద ఒకటి రెండు స్వరాల దగ్గర డబ్బాలో కందిరీగ దూరినట్టు మోత వస్తోంది. ఇంట్లో పసుపు రంగు వడ్రంగి జిగురు ఉంది, పోసి బిగించెయ్యనా అని మీ ప్రశ్న.

ఆ సీసా మూత తియ్యకండి. అతుకు మాత్రం మీరే వేసుకోవచ్చు, అది ఎలాంటి అతుకో ముందు చూసుకుంటే.

నేను తీగ వాయిద్యాలు చేసి, బాగుచేసే లూథియర్‌ని కాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రాలు మినియాపొలిస్‌లో ఓ కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో బేస్. పద్దెనిమిదేళ్లయింది. ఇక్కడి చలికాలాల పుణ్యమా అని నా బేస్‌కీ, పక్కన నిలబడి వాయించేవాళ్ల బేస్‌లకీ కలిపి ఓ నలభై అతుకులైనా వేసి ఉంటాను. అందులో మొదటిది పాడుచేశాను. ఆ కథ కాసేపట్లో చెప్తాను, మీ పసుపు సీసాకి దానితో సంబంధం ఉంది.

ముందు ఒక సంగతి మనసుకి ఎక్కాలి. అతుకు విడిపోవడం బేస్‌కి వచ్చిన జబ్బు అనుకుంటున్నారు మీరు. నిజానికి విడిపోవడానికే దాన్ని అలా అతికించారు. మాది బొబ్బిలి దగ్గరి ఊరు. చిన్నప్పుడు మా అత్తయ్య వీణకి మేళం కట్టించడానికి తీసుకెళ్లేవారు. మెట్లు కూర్చోబెట్టేది మైనం మీద. ఆ మైనం కరుగుతుంది, జారుతుంది, కొన్నేళ్లకి శ్రుతి తప్పుతుంది. ఇంకా గట్టిది ఏదో పెట్టొచ్చు కదా అని నేను అడిగితే ఆ పనిచేసే పెద్దాయన నవ్వి, "గట్టిది పెడితే మళ్లీ తియ్యడమెలా బాబూ" అన్నాడు. బేస్ అతుకుల్లోని జిగురు కూడా సరిగ్గా అంతే. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు గనక దానికి ఈ పక్క పలకల గొడవ లేదు. బేస్ మాత్రం పెట్టెలా అతికించిన వాయిద్యం. పైన ఒక పలక, వెనక ఒక పలక, వాటి మధ్య చుట్టూ తిరిగే పక్క పలకలు. అతుకు కాస్త బలహీనంగా ఉండాలి. ఒత్తిడి వచ్చినప్పుడు అది ముందు విడిపోతే చెక్క పగలకుండా మిగులుతుంది. ఇంట్లో కరెంటు ఫ్యూజు కాలిపోతే టీవీ బతికినట్టు.

ఒత్తిడి ఎక్కడిది? చెక్క తేమని బట్టి అడ్డంగా పెరుగుతుంది, తరుగుతుంది. పొడుగునా మాత్రం దాదాపు కదలదు. పై పలకలో నార నిలువుగా, మెడ నుంచి కిందికి ఉంటుంది. అంటే పలక వెడల్పు తరుగుతుంది. పక్క పలకల నార చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆ చుట్టుకొలత మారదు. ఒకటి ముడుచుకుంటానంటే రెండోది కదలనంటుంది. మధ్యలో నలిగేది జిగురు. బేస్ కింది భాగం వెడల్పు 68 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వేసవిలో 60 శాతం తేమలో ఉన్న, ప్లైవుడ్ కాని అసలు స్ప్రూస్ చెక్క పలకని చలికాలం హీటర్ నడిచే ఇంట్లో 20 శాతం తేమలో పెట్టి పూర్తిగా ఆరనిస్తే, లెక్క ప్రకారం ఆ వెడల్పులో అయిదారు మిల్లీమీటర్లు తగ్గాలి. వార్నిష్ వల్ల నెమ్మదిగా ఆరుతుంది గానీ దిశ అదే. వయొలిన్‌కి ఇంత బాధ లేదు, దాని వెడల్పెంత! బేస్‌లలోనూ వెనక పలక చదునుగా ఉండేవి మరీ కష్టపెడతాయి. లోపల అడ్డంగా బద్దలు అతికించి ఉంటాయి, అవి ముడుచుకోవు, పలక ముడుచుకుంటుంది.

మీది ప్లైవుడ్, పొరలు అడ్డంగా నిలువుగా వేసి అతికించింది కాబట్టి కదలిక చాలా తక్కువ. మరి ఎందుకు విడింది అంటే, గరాజ్ అని మీరే రాశారు. ఈ జిగురు వేసవి ఉక్కలో మెత్తబడుతుంది, చలికాలపు పొడికి పెళుసెక్కుతుంది. ఏళ్ల తరబడి రెండూ అనుభవించింది. దానికి తోడు బేస్‌ని పక్కకి పడుకోబెట్టినప్పుడల్లా నేలకి తగిలేది ఆ కింది అంచే. ఎండాకాలం కారులో మాత్రం గంటసేపు కూడా వదలకండి, ఒకేసారి నాలుగైదు చోట్ల విడిపోయిన బేస్‌లు చూశాను.

ఇప్పుడు నా కథ. 2007లో నా మొదటి బేస్‌కి ఎండ్‌పిన్ (కింద నేలకి ఆనే కడ్డీ) పక్కన అతుకు విడింది. మీలాగే పసుపు జిగురు పోశాను. దొరికిన క్లాంపులన్నీ బిగించాను. బ్రహ్మాండంగా పట్టింది. మర్నాటి నుంచి మోత లేదు, నాకు గర్వం. ఆ తర్వాతి ఫిబ్రవరిలో అతుకు చెక్కుచెదరలేదు, దానికి రెండంగుళాల లోపల పై పలకే నిలువునా చిట్లింది. అది ప్లైవుడ్ కాదు, అసలు స్ప్రూస్ చెక్క పలక. లూథియర్ దగ్గరికి తీసుకెళితే ఆయన చూసి ఏమీ అనలేదు, గట్టిగా ఊపిరి వదిలాడు. పలక తియ్యడానికి కత్తి పెడితే పసుపు జిగురు వదల్లేదు, చెక్క పేళ్లుగా లేచింది. అసలు బాగుచెయ్యడానికి పట్టిన రోజుల కంటే నేను చేసిన బాగు తియ్యడానికే ఎక్కువ రోజులు పట్టాయని బిల్లు చూస్తే అర్థమైంది.

పసుపు జిగురైనా, తెల్ల ఫెవికాల్ లాంటిదైనా ఇబ్బంది ఒకటే. ఆరాక దాని మీద మళ్లీ అదే జిగురు పట్టదు. చెక్క రంధ్రాల్లోకి దిగి మూసేస్తుంది, ఆ తర్వాత ఏ జిగురూ సరిగా అంటదు. సూపర్ గ్లూ, ఎపాక్సీ, నురగ పొంగే పాలీయురెథేన్ జిగురు అయితే చెప్పనే అక్కర్లేదు. కావలసింది జంతు చర్మం నుంచి తీసే హైడ్ గ్లూ. హిందీలో సరేస్ అనేది దీన్నే. 1959లో ఫెవికాల్ వచ్చి దాన్ని వడ్రంగి కొట్ల నుంచి సాగనంపింది. ఘాటు వాసన, మరగబెట్టే శ్రమ తప్పాయని వడ్రంగులు సంతోషించారు, న్యాయమే. కానీ వాయిద్యాలకి దీని సుగుణం వేరు. వేడి నీళ్లు తగిలితే కరుగుతుంది, పాత పొర మీద కొత్తది వేస్తే రెండూ కలిసిపోతాయి. వందేళ్ల తర్వాత ఎవరైనా విప్పినా చెక్క చెడకుండా విడివడుతుంది.

శాకాహారుల ఇల్లయితే ఒక మాట. దీనికి సరైన శాకాహార ప్రత్యామ్నాయం లేదు. మా ఆవిడ ఆ గిన్నె వంటింటి గడప దాటకూడదని మొదటి రోజే చెప్పేసింది. గరాజ్‌లో పాలసీసాలు వెచ్చబెట్టే చిన్న వార్మర్ ఒకటి, గాజు సీసా ఒకటి, చక్కెర పాకం చూసే థర్మామీటర్ ఒకటి పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా సంసారం సజావుగానే సాగుతోంది.

జిగురు కలిపే ముందు మీ బేస్‌లో ఇప్పుడున్నది ఏ జిగురో తెలుసుకోండి. మీకన్నా ముందు ఎవరైనా పసుపు జిగురు పోసి ఉంటే నా పద్ధతి పనిచెయ్యదు. సందు దగ్గర బయటికి కనపడే పాత జిగురు బొట్టు మీద, వార్నిష్‌కి తగలకుండా, ఇయర్‌బడ్‌తో ఒక వేడి నీటి చుక్క పెట్టండి. రెండు నిమిషాలు ఆగి వేలితో ముట్టుకోండి. జిగటగా అయి వేలికి అంటుకుంటే, కాస్త జంతువాసన వస్తే, హైడ్ గ్లూ. తెల్లబడి రబ్బరులా లేస్తే కొత్తరకం జిగురు. షికాగోలోని కే కంపెనీ 1937 నుంచి 1960ల చివరిదాకా ప్లైవుడ్ బేస్‌లు విరివిగా చేసింది. మీ ఊరి చుట్టుపక్కల గరాజ్‌లలో దొరికే పాతవాటిలో అవి చాలానే ఉంటాయి. అలాంటి పాతదైతే లోపల ఉన్నది దాదాపుగా హైడ్ గ్లూయే. ఈమధ్య దిగుమతైన చవక రకాల్లో ఏదైనా ఉండొచ్చు.

తర్వాత సందు ఎంత మేర ఉందో చూడాలి. కంటికి జానెడు కనిపిస్తే అసలు విడింది మూరెడు ఉంటుంది. ఎ-ఫోర్ కాగితం ముక్క అంచుని సందులోకి తోసి నెమ్మదిగా పక్కకి జరపండి. ఎక్కడ ఆగుతుందో అక్కడ పెన్సిల్‌తో సన్నటి గీత పెట్టుకోండి. వార్నిష్ మీద టేపు వద్దు, లేచొస్తుంది. ఆ పైన బేస్ చుట్టూ, ముందూ వెనకా, అంచు వెంట వేలి కణుపుతో తడుతూ రండి. పట్టి ఉన్నచోట టక్ టక్ అని గట్టిగా పలుకుతుంది, విడినచోట చప్పగా, రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టుకున్నట్టు వినపడుతుంది. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూసే చెవి మనకి ఎలాగూ ఉంది, పదినిమిషాల్లో తేడా తెలిసిపోతుంది. ఒకటే అతుకు అనుకుని మొదలుపెడితే సాధారణంగా మూడు తేలతాయి, కంగారుపడకండి.

ఆ మోత ఈ అతుకు నుంచేనా అన్నది కూడా తేల్చుకోండి. అమ్మాయి ఆ స్వరం వాయిస్తుంటే మీరు సందు దగ్గర రెండు పలకలనీ వేళ్లతో నొక్కి పట్టుకోండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. ఆగకపోతే తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జ్ ఎత్తు సర్దే చక్రాలు, తీగలు బిగించే మరల స్క్రూలు, ఎండ్‌పిన్, లోపల ఊడిన లైనింగు బద్ద, ఏదైనా కావచ్చు. ఒక మిత్రుడి బేస్‌కి రెండు అతుకులు వేసి, ఒకరోజంతా ఆరబెట్టి, తీగలు బిగించి వాయిస్తే అదే మోత. చూస్తే మర స్క్రూ ఒకటి అరచుట్టు వదులు. కాఫీ నాదే అయింది.

ఇక అసలు నిర్ణయం. విడినచోట రెండు వైపులా వేళ్లతో నొక్కండి. సందు సులువుగా మూసుకుని, పలక అంచు పక్క పలక కన్నా చుట్టూ ఒకేలా కొన్ని మిల్లీమీటర్లు బయటికి కనపడుతుంటే, పని మీది. వేళ్లతో మూసుకోక క్లాంపుతో లాగాల్సి వస్తోందా, లేదా పక్క పలక పై పలక అంచుని దాటి బయటికి వచ్చేసిందా, ఆపెయ్యండి. పలక ముడుచుకుపోయి కొలత తప్పిందన్నమాట. బలవంతంగా లాగి అతికిస్తే ఆ బలం చెక్కలోనే దాక్కుని ఉండి రేపు పగులుగా బయటపడుతుంది. అలాంటప్పుడు లూథియర్ అతుకుని ఇంకా కాస్త దూరం తనే విప్పి, ఆ తేడాని పొడుగునా పంచి మళ్లీ అతికిస్తాడు. వినడానికి తేలిక, చెయ్యడానికి చెయ్యి తిరగాలి.

ఇంకొన్ని చోట్ల కూడా చెయ్యి పెట్టొద్దు. మెడ వచ్చి కలిసే పైబ్లాకు, దాని వెనక పలక నుంచి నాలుకలా పొడుచుకొచ్చే బటన్, ఇవి రెండూ విడితే తీగల బలమంతా అక్కడే పడుతుంది. కింద టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే ముక్క) వైరు ఆనే నల్ల చెక్కముక్క, శాడిల్ అంటారు, దాని పక్కనుంచి పై పలకలోకి సన్నటి పగులు ఉందేమో చూడండి. పలక ముడుచుకుంటే ఆ గట్టి ముక్క అడ్డం పడి చీల్చేస్తుంది. ఉంటే అది అతుకు పని కాదు. ప్లైవుడ్‌కి మరో చిక్కు ఉంది: ఒక్కోసారి విడేది అతుకు కాదు, ప్లైవుడ్ పొరలే. కాగితం పక్క పలకకీ పై పలకకీ మధ్య కాకుండా పలక మందంలోకే దూరుతోందంటే పొరలు విడిపోయాయని అర్థం. దానికి జిగురూ పద్ధతీ వేరు.

పని మీదే అని తేలితే, వెంటనే జిగురు కలపొద్దు. తేమ కొలిచే పది డాలర్ల హైగ్రోమీటర్ కొని ఆ గదిలో పెట్టండి. హ్యుమిడిఫయర్ పెట్టి తేమ 40 శాతం దగ్గరికి తెచ్చి రెండు వారాలు ఉంచండి. బేస్‌ని హీటర్ గాలి తగిలేచోట, బయటి గోడకి ఆనించి పెట్టొద్దు. చాలాసార్లు ఈ రెండు వారాల్లోనే సందు సగం మూసుకుంటుంది. అలా మూసుకుందని వదిలెయ్యకండి, జిగురైతే లేదుగా. ఈలోగా అమ్మాయి వాయించుకోవచ్చు, చిన్న సందుకి రెండు వారాల్లో కొంప మునగదు. పొడుగు పెరుగుతోందేమో మాత్రం పెన్సిల్ గీత చూసి గమనిస్తుండండి.

ఈ రెండు వారాలూ క్లాంపులు చేసుకోవడానికి సరిపోతాయి. బేస్ పక్క పలక ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు, మామూలు సి-క్లాంపులు అందవు. హార్డ్‌వేర్ కొట్లో పావు అంగుళం మందం మరలున్న ఇనుప రాడ్డు దొరుకుతుంది, అడుగు పొడుగు ముక్కలు పది కోయించుకోండి. బట్టల అల్మరాలో హ్యాంగర్లు తగిలించే గుండ్రటి కర్ర కొని ముప్పావు అంగుళం బిళ్లలుగా కోసి, నడిమధ్య రంధ్రం చెయ్యండి. ఒక్కో రాడ్డుకి రెండు బిళ్లలు, ఒక చివర మామూలు నట్టు, రెండో చివర రెక్కల నట్టు. బిళ్లలకి లోపలివైపు కార్క్ గానీ తోలు గానీ అంటించండి. రాడ్డుకి ప్లాస్టిక్ గొట్టం తొడగండి, లేకపోతే మరలు వార్నిష్‌ని గీకేస్తాయి. పదింటికీ నాకు నలభై డాలర్లలోపే అయింది, అప్పటివే ఇప్పటికీ వాడుతున్నాను. రాడ్డు పక్క పలకకి బయట నిలబడుతుంది, బిళ్లల అంచులు ముందు పలకనీ వెనక పలకనీ చుట్టూ ఉన్న గట్టు దగ్గర, సరిగ్గా పక్క పలక మీదుగా నొక్కాలి. లోపలికి జరిగితే పలక మధ్యలో నొక్కి చిట్లిస్తారు.

జిగురుకి 192 గ్రాముల బలం అని రాసి ఉన్న హైడ్ గ్లూ గుళికలు కొనండి, అరపౌను చాలా ఎక్కువ. బరువులో ఒక వంతు గుళికలకి రెండు వంతుల చల్లటి నీళ్లు పోసి గంటా రెండు గంటలు నానబెడితే సగ్గుబియ్యంలా ఉబ్బుతాయి. ఆ సీసాని వేడి నీళ్లలో పెట్టి 60 డిగ్రీల సెల్సియస్‌కి, ఫారెన్‌హీట్‌లో 140కి తెచ్చి అక్కడే ఉంచండి. మరిగిస్తే బలం చస్తుంది. పాకం పట్టడం తెలిసినవాళ్లకి ఇది చిటికెలో పని: లేతపాకం కన్నా కాస్త పల్చగా, బ్రష్ ఎత్తితే తెగకుండా ధారగా జారాలి. రెండు వేళ్ల మధ్య ఒక చుక్క నలిపి విడదీస్తే నిమిషంలో దూదిపోగుల్లా సన్నటి దారాలు సాగాలి. గుళికలు దొరక్కపోతే అమెరికన్ కిరాణా కొట్లో దొరికే, రుచి కలపని నాక్స్ జెలటిన్ పొట్లం అదే జాతి, పనిచేస్తుంది. టైట్‌బాండ్ వాళ్ల సీసా హైడ్ గ్లూ కూడా ఉంది, వేడి చెయ్యక్కర్లేదు, తాపీగా ఆరుతుంది. కొత్తవాళ్లకి అది వాడమని చెప్పేవాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు, పాతబడిన సీసా అయితే సరిగా గట్టిపడదు. వాడతానంటే తేదీ చూసి కొని, ముందు రెండు చెక్కముక్కల మీద అతికించి ఒకరోజు ఆగి విరిచి చూడండి.

అతికించే రోజు బేస్‌ని పడుకోబెట్టడానికి నేల మీద రెండు బొంతలు పరవండి. దానికి ముందు తీగలు వదులు చెయ్యాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నాలుగు ఉక్కు తీగల లాగుడు కలిపితే 110 నుంచి 130 కిలోల మధ్య ఉంటుంది. అంత బలంతో అతుకు వెయ్యలేరు. అలాగని పూర్తిగా విప్పేస్తే లోపల సౌండ్ పోస్ట్ అనే కర్ర పడిపోతుంది. దానికి జిగురు ఉండదు, రెండు పలకల మధ్య ఒత్తిడికే నిలబడి ఉంటుంది. మీ అతుకు కింది బ్లాకుకి, అంటే ఎండ్‌పిన్ దగ్గర లోపలుండే చెక్కదిమ్మకి, దూరంగా ఉంటే, ఒక్కో తీగనీ నాలుగైదు స్వరాలు దించితే చాలు. నాలుగింటినీ కాస్త కాస్త, వంతులవారీగా దించండి. బ్రిడ్జ్ పాదాలు ఎక్కడున్నాయో ముందే ఫోటో తీసుకోండి. టెయిల్‌పీస్ కింద మడిచిన తువ్వాలు పెట్టండి, బ్రిడ్జ్ జారితే పై పలకకి దెబ్బ తగలదు. పోస్ట్ పడిపోతే మాత్రం తీగలు మళ్లీ బిగించొద్దు, ఆధారం లేని పై పలక కుంగిపోతుంది. పోస్ట్ నిలబెట్టడానికి లూథియర్ దగ్గరికి వెళ్లక తప్పదు.

జిగురు లేకుండా ఒకసారి మొత్తం రిహార్సల్ చెయ్యండి. క్లాంపులు మూడంగుళాలకి ఒకటి చొప్పున, విడినచోటికి అటూఇటూ ఒక్కోటి అదనంగా పెట్టి, గట్టు సమంగా ఉందో లేదో వేలితో తడిమి చూసి, మళ్లీ తీసి వరసగా పక్కన పేర్చుకోండి. మొబైల్‌లో టైమర్ పెట్టుకుని రెండుసార్లు చేస్తే చేతికి అలవాటవుతుంది. ఎందుకంటే వేడి జిగురు గడ్డకట్టడానికి నిమిషం, నిమిషంన్నర. ఆ తర్వాత బిగించినా అది చూడటానికే అతుకు. గది వెచ్చగా పెట్టండి. ఇంట్లో ఇంకో మనిషి సాయం ఉండాలి, మీ అమ్మాయినే పిలవండి.

మొదట పాత మురికి పోవాలి. పెయింటర్లు వాడే పల్చటి పాలెట్ నైఫ్‌ని వేడి నీళ్లలో ముంచి సందులోకి దూర్చి లోపలా బయటా ఆడించండి. గోధుమరంగు మురికి వస్తుంది, తడిగుడ్డతో వెంటనే తుడవండి. కొన్ని వార్నిష్‌లు నీళ్లు నిలిస్తే తెల్లబడతాయి. ఉప్పుకాగితం మాత్రం సందులోకి పెట్టొద్దు, అక్కడ చెక్క తరిగితే అతుకు మళ్లీ కలవదు. పాత హైడ్ గ్లూ పల్చటి పొరగా మిగిలినా పర్వాలేదు, కొత్తదానితో కలిసిపోతుంది. నీళ్లు ఇంకాక హెయిర్ డ్రయర్‌తో సందు పొడుగునా గోరువెచ్చగా చెయ్యండి, చెయ్యి పెట్టగలిగేంత వేడే. చల్లటి చెక్క తగిలిందంటే జిగురు అక్కడికక్కడే జెల్లీ అవుతుంది.

ఒకేసారి జానెడు కంటే ఎక్కువ చెయ్యకండి. మీరు పాలెట్ నైఫ్‌తో జిగురు తీసుకుని సందులోకి తోస్తూ ఉండాలి, అమ్మాయి కాస్త దూరంలో రెండు పలకలనీ మెల్లగా ఎడంగా పట్టుకోవాలి. నాలుగైదుసార్లు తోశాక వదిలెయ్యమనండి. పీల్చుకున్నట్టు లోపలికి పోతుంది. మధ్య క్లాంపు ముందు, తర్వాత అటొకటి ఇటొకటి. రెక్కల నట్టుని రెండు వేళ్లతో తిప్పగలిగినంతే. సందు పొడుగునా చిన్న చిన్న ముత్యాల్లా జిగురు బయటికి వస్తే సరిపోయింది. ఎక్కడైనా రాలేదంటే అక్కడ లోపల జిగురు లేదు. ఆ క్లాంపు వదులు చేసి ఇంకో రెండు తోపులు. తర్వాత వేడి నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచెయ్యండి, రాడ్డుల వెనక కూడా. ఇక్కడ తుడవకపోతే మర్నాడు గాజులా గట్టిపడి వార్నిష్‌ని లాక్కుని వస్తుంది.

మధ్యలో జిగురు గడ్డకట్టేసి పాడైందనుకోండి, ఏడవక్కర్లేదు. వేడి నీళ్ల కత్తి దూర్చి విప్పేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నా రెండో అతుకు మూడుసార్లు వేశాను. పసుపు జిగురు ఈ వెసులుబాటు ఇచ్చేది కాదు.

ఒకరోజు పూర్తిగా, 24 గంటలు, కదపకుండా ఉంచండి. చలికాలం కదా త్వరగా ఆరుతుందని ఎనిమిది గంటలకే క్లాంపులు తియ్యాలనిపిస్తుంది, తీయొద్దు. తీశాక మళ్లీ కణుపుతో తట్టి వినండి. తీగలు కూడా రెండు విడతల్లో బిగించండి: మొదటిరోజు కాస్త తక్కువ శ్రుతికి, మర్నాడు పూర్తి శ్రుతికి. బిగించేటప్పుడు బ్రిడ్జ్ పైఅంచు మెడవైపు వంగుతుంది, ఫోటోతో పోల్చి నిటారుగా సర్దుకోండి. మిగిలిన జిగురు ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది (మా ఇంట్లో గరాజ్ ఫ్రిజ్‌లోనే, మీ ఇంటి చట్టాలు మీకు తెలుసు), వాసన మారితే పారెయ్యండి.

వచ్చే చలికాలం ఇదే అతుకు పక్కన ఇంకోచోట విడిచినా ఆశ్చర్యపోకండి. గదిలో తేమ 35 శాతం కిందికి పడకుండా చూసుకుంటే బేస్‌కీ మంచిదే, మన చర్మానికీ మంచిదే. బేస్ లోపల, పై పలకలోని ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి వేలాడదీసే తడి రబ్బరు గొట్టాలు అమ్ముతారు. నీళ్లు కారి లోపల మరకలు పడ్డవి చూశాక నేను వాటి జోలికి పోవడం మానేశాను. గదికే హ్యుమిడిఫయర్ పెట్టడం మేలు.

మీరు పెట్టిన ఫోటోలో ఒకటి నాకు తేలలేదు. సందు కుడివైపు చివర ఎండ్‌పిన్‌కి ఎంత దూరంలో ఆగిందో నీడలో పడిపోయింది. అక్కడ కాగితం ముక్క దూర్చి, టార్చి పక్కనుంచి వేసి ఇంకో ఫోటో పెట్టండి. వేడి నీటి చుక్క పెడితే జిగటయిందో, తెల్లబడిందో అది కూడా రాయండి. కాగితం కింది బ్లాకు మీదకి వెళ్తోందంటే తీగలు దించే లెక్క మారుతుంది, జిగురు నానబెట్టకుండా ఆగండి.